ఒంటిగంట ఆకలి

థీమ్ పార్కులో కొండ సిమెంటుది. గుహ ఫైబరుది. గుహలోంచి తల బయటపెట్టి గర్జించే డైనోసారు కడుపులో చిన్న మోటారు ఉంటుంది. గర్జన కంటే ముందు దాని గురగుర వినిపిస్తుంది. కోట గోడలకి రాళ్ళు పేర్చినట్టు గీతలు గీసి రంగు కొడతారు. ఇవన్నీ నకిలీవని కట్టినవాడికి తెలుసు, చూసేవాడికి తెలుసు, చంకలో ఉన్న మూడేళ్ళ పిల్లకి కూడా తెలుసు. తెలిసే టిక్కెట్టు కొంటాం. నాటకానికి వెళ్ళి హరిశ్చంద్రుడి కిరీటం అట్టదని ఎవరూ గొడవ చేయరు, ఇదీ అంతే. నమ్మిస్తామని వాళ్ళు, నమ్ముతామని మనం. పొద్దున గేటు తీసినప్పటి నుంచి ఈ ఒప్పందం సవ్యంగానే నడుస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి తెగుతుంది.

ఒంటిగంటకి ఆకలేస్తుంది. ఆ ఆవరణ మొత్తంలో అసలు సరుకు అదొక్కటే. భయం నకిలీది, ఎందుకంటే రోలర్ కోస్టర్ మీద నుంచి పడిపోమని తెలుసు. వాన నకిలీది, మీట నొక్కితే ఆగుతుంది. సముద్రం నకిలీది, అలలు ఎన్నింటికి వస్తాయో బోర్డు మీద రాసుంటుంది. ఆకలి మాత్రం మనం ఇంటి దగ్గర నుంచి వెంట తెచ్చుకున్నది. నకిలీ కొండని చూసి మురిసిపోయిన మనిషే నకిలీ బిర్యానీ ముందు కూర్చుని మొహం మాడ్చుకుంటాడు. ఆకలి రుచెరగదని పెద్దలు అన్నారు. ఆ పెద్దలెవరూ ఫుడ్ కోర్టులో భోంచేసి ఉండరు.

మా అత్తయ్యది తెనాలి దగ్గర పల్లెటూరు. ప్రయాణమంటే ఆవిడ లెక్కలో ముందు పులిహోర, తర్వాతే టిక్కెట్లు. పోయిన వేసవి సెలవుల్లో ఆవిడా, మా బావమరిది కుటుంబం, మేమూ కలిసి ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఉన్న ఒక పార్కుకి బయల్దేరాం. పేరెందుకు లెండి, మీరు వెళ్ళినదీ దాదాపు అలాంటిదే అయివుంటుంది. ఆవిడ చీకటితోనే లేచి చింతపండు పులుసు ఉడికించి, ఇంగువ పోపు పెట్టి, స్టీలు డబ్బా నిండా పులిహోర కలిపారు. అందులోకి వడియాలు వేరే కవర్లో. గేటు దగ్గర బ్యాగులు తెరిపించి చూసే కుర్రాడు డబ్బా మూత తీశాడు. ఇంగువ వాసన క్యూ పొడుగునా పాకింది. వెనక నిలబడ్డవాళ్ళు మెడలు చాచారు.

"బయటి ఫుడ్ లోపలికి అలౌ లేదమ్మా."

"ఇది బయటి ఫుడ్ కాదు నాయనా, ఇంట్లో చేసింది."

కుర్రాడికి నవ్వొచ్చింది గానీ డబ్బాకి దారి దొరకలేదు. పక్క షెడ్డులో పెట్టి టోకెన్ ఇస్తాం, సాయంత్రం తీసుకోండి అన్నాడు. అత్తయ్య ఆ షెడ్డు రేకుల వైపూ, పైన ఎండ వైపూ చూశారు. "సాయంత్రం దాకా దాన్ని ఉడకబెట్టడమెందుకు, మీరే తినేయండి. ఖాళీ డబ్బా ఇవ్వు చాలు" అని వడియాల కవరు కూడా అతని చేతిలో పెట్టి లోపలికి నడిచారు. ఆ మధ్యాహ్నం ఆ పార్కులో తృప్తిగా భోంచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళే.

ఇలాంటి షరతు సినిమా హాళ్ళలోనూ ఉంది, అక్కడ అది సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది కూడా. బయటి తిండి తెచ్చుకోనివ్వాలని జమ్మూ కశ్మీర్ హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వుని 2023 జనవరిలో సుప్రీం కోర్టు కొట్టేసింది. హాలు యజమాని సొంత ఆస్తి, షరతు పెట్టుకునే హక్కు ఆయనకుంది. తాగేనీళ్ళు మాత్రం ఊరికే ఇవ్వాలి, పసిపిల్లల తిండి ఆపకూడదు అంది. ఎవరైనా జిలేబీలు తెచ్చుకుని తిని, ఆ పాకం వేళ్ళు సీటుకి తుడిస్తే శుభ్రం చేసే ఖర్చు ఎవరిదన్న చర్చ కూడా నడిచింది. న్యాయమైన ప్రశ్నే. పులిహోర తరఫున వాదించేవాళ్ళు లేకపోవడం మా అత్తయ్య దురదృష్టం. అంతకు ముందు, 2017 డిసెంబరులో, హోటళ్ళూ రెస్టారెంట్లూ నీళ్ళ సీసాని దానిమీద అచ్చేసిన ధర కంటే ఎక్కువకి అమ్ముకోవచ్చని ఇంకో తీర్పు వచ్చింది. అక్కడ అమ్మేది ఒట్టి నీళ్ళు కాదు, కుర్చీ, బల్ల, వడ్డన, ఆ చోటూ కలిపి అమ్ముతున్నారని దాని వెనక ఉన్న తర్కం. ఇంత చట్టం మనకి తెలిసినా మధ్యాహ్నం ఎండలో పనికిరాదు. తమాషా ఏమిటంటే ఈ వ్యాపారానికి తాతలాంటి డిస్నీ సంస్థ అమెరికాలోని తన పార్కుల్లో జనాన్ని సొంత తిండి తెచ్చుకోనిస్తుంది. గాజు సీసాలు, మద్యం మాత్రం వద్దంటుంది. ఒర్లాండోలో పిల్లల దగ్గరికి వెళ్ళే మన అమ్మానాన్నలు అక్కడి కోట నీడలో కూర్చుని చపాతీ చుట్టలు, పెరుగన్నం నిశ్చింతగా తినొచ్చు. హైదరాబాదు శివార్లలో ఆ యోగం లేదు.

ఇక లోపలి సంగతి.

ఫుడ్ కోర్టు పైకప్పుని ఎడారి గుడారంలా కట్టారు. కౌంటరు నెత్తిన ఉర్దూ వొంపులు తిప్పిన తెలుగు అక్షరాల్లో దమ్ బిర్యానీ అని రాసుంది. పక్కన వెనక నుంచి లైటు పడే పెద్ద ఫొటో: నాలుగు ముక్కలు, ఎర్రగా వేగిన ఉల్లిపాయ, పుదీనా, నిమ్మచెక్క. ఫొటోలో పొగ కూడా ఉంది. డబ్బు చేతికివ్వడానికి లేదు. మణికట్టుకి కట్టిన పట్టీలో ముందే వేయించుకోవాలి, వాళ్ళు దాన్ని ఒక డబ్బాకి తాకిస్తారు, కీచుమంటుంది, అంతే. నోటు విడిచేటప్పుడు కలిగే చిన్న నొప్పి లేకుండా చేశారు. ఆ నొప్పి అంతా పళ్ళెం చేతికొచ్చాక ఒక్కసారి కలుగుతుంది. పట్టీలో మిగిలిన డబ్బు వెనక్కి కావాలంటే దానికి ఇంకో చోట ఇంకో క్యూ.

అరలున్న ప్లాస్టిక్ పళ్ళెం. పెద్ద అరలో బిర్యానీ. సగం నారింజ రంగు, సగం తెలుపు. విడిగా ఉడికిన బాస్మతిని విడిగా ఉడికిన కోడికూర మీద బోర్లించారు. పైమెతుకులు ఎండి గుచ్చుకుంటున్నాయి, అడుగువి ముద్దయ్యాయి. సాలన్ గిన్నెలో నూనె ఒక పక్క, నీళ్ళు ఒక పక్క, పల్లీల ముద్ద అడుగున, ముగ్గురూ ఎడమొహం పెడమొహం. ముక్కని తుంచబోతే ప్లాస్టిక్ చెంచా వంగింది, ఇంకొంచెం నొక్కితే మెడ విరిగి తల సాలన్‌లో పడింది.

"బావా, నీ దాంట్లో ముక్క ఉందా?" అన్నాడు మా బావమరిది.

"ఉంది."

"నాది వెతుకుతున్నా."

అత్తయ్య శాకాహార భోజనం తీసుకున్నారు. రెండు చపాతీలు, జీరా అన్నం, పనీర్ కూర, పప్పు, ఒక గులాబ్ జామూన్. పప్పు మీద పొర కట్టింది. ఆవిడ చెంచా కొసతో ఆ పొరని ఒక పక్కకి జరిపి, కింద ఏముందో చూసి, మళ్ళీ జాగ్రత్తగా కప్పేశారు. ఏమీ అనలేదు. గులాబ్ జామూన్ తిని నీళ్ళు తాగారు. పిలవని పెళ్ళిలో కూడా వంకలు పెట్టగల మనిషి ఆవిడ. ఆవిడ మౌనమే ఆ పప్పు మీద నేను విన్న అతి పెద్ద విమర్శ.

కౌంటరు వెనక ఉన్న వంటవాణ్ణి తిట్టుకోవడం తేలిక. కానీ అతని తిప్పలు చూడండి. పార్కులో అందరికీ ఆకలి ఒకేసారి వేస్తుంది. పదకొండున్నరకి బల్లలన్నీ ఖాళీ, ఒంటిగంటకి నిలబడే చోటుండదు, మూడింటికి మళ్ళీ ఖాళీ. ఎంతమంది వస్తారో ఉదయం చెప్పలేడు. వాన పడితే ఎవరూ రారు, నాలుగు స్కూలు బస్సులు దిగితే అంచనా తలకిందులు. కాబట్టి పొద్దున్నే వండేస్తాడు. వండినదాన్ని కింద వేడినీళ్ళు మసిలే తొట్టిలో పెట్టిన స్టీలు ట్రేల్లో నిలవ ఉంచుతాడు. వేడిగా వడ్డించే తిండిని 60 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకుండా ఉంచాలని మన ఆహార భద్రత నిబంధన. మంచి నిబంధనే, ఆ వేడిలో క్రిములు పెరగవు. అయితే పప్పుకి పొర కట్టేదీ అక్కడే, అన్నం అంచులు ఎండేదీ అక్కడే, అప్పడం మెత్తబడేదీ అక్కడే. పైగా అతను వండేది ఎవరికి? గుంటూరు నుంచి వచ్చినవాళ్ళకి కారం చాలదు, అహ్మదాబాదు నుంచి వచ్చినవాళ్ళకి నోరు మండుతుంది. మధ్యేమార్గంగా ఎవరికీ నచ్చని కారం ఒకటి ఎంచుకుంటాడు. ఫిర్యాదు రాదు. ఫిర్యాదు రాని వంట ఎంత దిగులుగా ఉంటుందో ఆ పనీర్ కూర తింటే తెలుస్తుంది.

జనం ఎక్కువైతే వంట చెడుతుందన్న మాట మాత్రం ఒప్పుకోవడం కష్టం. తిరుమల కొండ మీద ఉండేదీ జనమే, ఏ పార్కూ చూడనంత జనం. అక్కడ నిత్యాన్నదానం 1985లో మొదలైంది. ఇప్పుడున్న తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం 2011లో తెరిచారు. రోజూ వేల మంది, పండగ రోజుల్లో ఇంకా వేల మంది. విస్తట్లో పడే అన్నం వేడిగా ఉంటుంది, సాంబారు పొగలు కక్కుతుంది, చక్కెర పొంగలి మెత్తగా జారుతుంది. భక్తి వల్ల రుచి అనేవాళ్ళు అనొచ్చు, నాకు అందులో పద్ధతి కూడా కనిపిస్తుంది. అక్కడ మెనూ ఒక్కటే. అందరూ బంతిలో ఒకేసారి కూర్చుంటారు, ఒకటే తింటారు, ఒకేసారి లేస్తారు. గంగాళం దిగిన కాసేపటికే ఖాళీ అవుతుంది. వండినది ఎవరి కోసమూ ఎదురుచూడదు. మన పెళ్ళి బంతులదీ అదే రహస్యం. ఫుడ్ కోర్టు మనకి ఎంపిక ఇస్తుంది: నూడుల్స్, దోసె, పిజ్జా, బిర్యానీ, రాజ్మా, చాట్. నలభై రకాలు ఉండాలంటే నలభై ట్రేలు ఉండాలి. ప్రతి ట్రేలోనూ ఎవరో ఒకరు అడుగుతారని కూర కాచుకుని కూర్చుంటుంది. కోరినది తినే స్వేచ్ఛకి ఇచ్చే మూల్యం, ఏదీ వేడిగా దొరకకపోవడం.

ఇదంతా సగమే. మిగతా సగం భయం లేకపోవడం. మా వీధి చివర టిఫిన్ సెంటర్లో ఒకరోజు చట్నీ పులిస్తే మర్నాడు నేను ఎదురు సెంటర్లో ఇడ్లీ తింటాను. అతను ఇటు నుంచి చూస్తాడు. ఆ చూపులో ఉన్న బెంగే మర్నాటి చట్నీని బాగు చేస్తుంది. నాంపల్లి నుమాయిష్ అనే ఎగ్జిబిషన్ సంగతీ అంతే, పార్కులాగే అందులోనూ టిక్కెట్టు ఉంది, గేటు ఉంది, విపరీతమైన జనం ఉంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలై, తర్వాత నాంపల్లి మైదానానికి మారి, ఏటా మామూలుగా జనవరి ఒకటిన తెరుచుకుంటుంది. హైదరాబాదీలు దుప్పట్లు, డ్రై ఫ్రూట్సు వంక పెట్టి అసలు తిండికే వెళ్తారు. అక్కడ మిర్చి బజ్జీ ఎందుకు బాగుంటుందంటే, పక్కనే ఇంకో బజ్జీల మూకుడు ఉంది. తిన్నవాడు వారం తిరక్కుండా చుట్టాలతో మళ్ళీ వస్తాడు, వచ్చే ఏడూ వస్తాడు. పార్కులో మనం మళ్ళీ కనబడే మొహాలం కాదు. పిల్లాడు ఇంకో అడుగు ఎత్తు పెరిగి పెద్ద రైడుకి అర్హుడయ్యే దాకా రాం. అలిగి వెళ్ళిపోదామంటే ఎదురు హోటలు లేదు, చేతికి పట్టీ ఉంది, బయటికెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరు.

ఈ పార్కుల కథ మొదలైన చోట తిండి సంగతి సరిగ్గా తలకిందులుగా ఉండేదని తెలిసినప్పటి నుంచి నాకు ఆ బిర్యానీ మీద కోపం పోయి, ఒకరకమైన కుతూహలం పట్టుకుంది. కాలిఫోర్నియాలో బ్యూనా పార్క్ అనే ఊళ్ళో వాల్టర్ నాట్ అని ఒక రైతు ఉండేవాడు. రోడ్డు పక్కన బెర్రీ పళ్ళు, జామ్ అమ్ముకునేవాడు. ఆర్థిక మాంద్యం రోజులు. ఇల్లు గడవడానికి అతని భార్య కార్డీలియా 1934లో ఒక సాయంత్రం కోడి వేయించి, ఎనిమిది మందికి భోజనం పెట్టింది. పళ్ళాలు లేక, తన పెళ్ళికి వచ్చిన పింగాణీ సెట్టు తీసి వడ్డించింది. వేపుడు కోడి, మెదిపిన బంగాళాదుంప, వేడి బిస్కట్లు, ఆఖర్న బెర్రీ పై. మనిషికి 65 సెంట్లు. కొన్నేళ్ళు తిరిగేసరికి ఆ కోడి కోసం ఆదివారాలు వేల మంది కార్లేసుకుని రావడం మొదలెట్టారు. గంటల తరబడి నిలబడేవారు. నిలబడ్డవాళ్ళు విసుక్కోకుండా ఏదో ఒకటి చూపించాలని వాల్టర్ ముందు చిన్న చిన్న వింతలు పెట్టాడు. 1940 నుంచి ఏకంగా పాడుబడిన గనుల ఊళ్ళలోని పాత కట్టడాలు తెచ్చి, వాటిని పోలినవి కట్టి, ఒక పాతకాలపు పశ్చిమ పట్టణాన్నే నిలబెట్టాడు. నాట్స్ బెర్రీ ఫామ్ అనే థీమ్ పార్కు అలా పుట్టింది. అంటే వినోదం కోసం వచ్చినవాళ్ళకి ఆకలేస్తే అన్నం పెట్టడం కాదు. అన్నం కోసం వచ్చినవాళ్ళకి విసుగేస్తే వినోదం పెట్టారు. ఇన్ని రోలర్ కోస్టర్లు, ఇన్ని వింతలు, ఒక ఇల్లాలి కోడి వేపుడు క్యూకి కాలక్షేపం.

అక్కడ గేటు పెట్టి టిక్కెట్టు వసూలు చేయడం 1968లో గానీ మొదలుకాలేదు. కంచె కట్టినా కార్డీలియా పేరు మీద ఉన్న ఆ భోజనశాల కంచె బయటే ఉండిపోయింది, ఇప్పటికీ బయటే ఉంది. ఆ కోడి తినడానికి టిక్కెట్టు అక్కర్లేదు. రోడ్డున పోయేవాడు కూడా కారు ఆపి దిగాలి, దిగితేనే గిట్టుబాటు.

అక్కడికి దగ్గర్లోనే వాల్ట్ డిస్నీ 1955 జులై 17న తన పార్కు తెరిచాడు. మొదటి రోజే తిండి అయిపోయింది. పిలిచినవాళ్ళు కాక దొంగ టిక్కెట్లతో వచ్చినవాళ్ళు కూడా చేరి, హోటళ్ళలో ఏమీ మిగల్లేదు. దానికి తోడు ప్లంబర్ల సమ్మె. తాగేనీళ్ళ కుళాయిలు పూర్తిచేయాలా, మరుగుదొడ్లు పూర్తిచేయాలా అంటే డిస్నీ మరుగుదొడ్లు ఎంచుకున్నాడు. ఎండ మండిపోతోంది, నీళ్ళు లేవు, కూల్‌డ్రింకులు అమ్ముకోవడానికే ఇదంతా అని జనం తిట్టారు. అనుమానం తప్పే అయినా, పార్కులో దాహం వేసినవాడికి ఆ అనుమానం రావడం ఆ రోజు నుంచే ఆచారం. 1967లో అదే డిస్నీలాండ్ వాళ్ళు ఒక తెలివైన పని చేశారు. సముద్రపు దొంగల రైడు ఉన్న భవనం లోపలే ఒక రెస్టారెంటు పెట్టారు. పట్టపగలు కూడా అక్కడ రాత్రే. కాగితపు లాంతర్లు, మిణుగురులు, పక్క నుంచి నెమ్మదిగా జారిపోయే పడవలు. భోజనాన్ని కూడా నాటకంలో ఒక రంగం చేసేశారు. మసక వెలుతుర్లో పళ్ళెం సరిగ్గా కనబడదు, అదొక సౌకర్యం. మన పార్కుల్లో పైకప్పు మాత్రమే గుడారం, కింద ట్యూబులైట్లు, ఉక్కపోత, తడిబట్టలతో కూర్చుని లేచిన ప్లాస్టిక్ కుర్చీలు. నాటకం సగంలో తెర చిరిగి వెనకాల వాళ్ళు కనబడిపోతారు.

పారిస్ వాళ్ళు ఇంకో రకంగా జవాబు చెప్పారు. 1992లో అక్కడ డిస్నీ పార్కు తెరిచినప్పుడు అమెరికా అలవాటు ప్రకారం లోపల మద్యం లేదన్నారు. మధ్యాహ్న భోజనంలో వైన్ లేకపోతే ఫ్రాన్సులో దాన్ని భోజనం అనరు. గొణిగారు, రాశారు, వెక్కిరించారు. మరుసటి ఏడే, 1993లో, వైన్ వచ్చింది. పెరుగు పుల్లగా ఉందని మనం ఏ రోజూ అంత గట్టిగా అలగలేదు. అలిగితే సాయంత్రం కార్లో ఇంటికి వెళ్తూ అలుగుతాం, అప్పుడు వినేది డ్రైవరు ఒక్కడే.

ఇంత చర్చ జరుగుతుంటే మా పిల్లలకి మాత్రం ఏ బాధా లేదు. బావమరిది కొడుకు ఒక గ్లాసు నిండా ఫ్రెంచ్ ఫ్రైలు, రెండు సాసు పొట్లాలు పట్టుకుని మూడో పొట్లం కోసం మా అమ్మాయితో పోట్లాడుతున్నాడు. మొదట జాలేసింది, తర్వాత గమనిస్తే వాళ్ళదే తెలివి. ఆ గుడారం మొత్తంలో అడిగాక వేయిస్తున్నది అదొక్కటే. గడ్డకట్టిన ముక్కలైనా సరే, నూనెలోంచి అప్పుడే తీసి ఉప్పు చల్లి ఇస్తున్నారు. పాప్‌కార్న్ అలాగే, ఆవిరి మీద ఉడికిన మొక్కజొన్న గింజలు అలాగే, ఐస్‌క్రీమ్ అలాగే. నడుస్తూ తినేవన్నీ బాగున్నాయి, కూర్చుని తినేవే బాగాలేవు.

దీన్ని అత్తయ్య ఒక్క మాటలో తేల్చేశారు. "తిరనాళ్ళలో భోజనం ఎవరడుగుతారే!" అన్నారు కూతురితో. చిన్నప్పుడు శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళకి బండి కట్టుకుని వెళ్ళేవారట. ప్రభలు చూసేవారు, రంకుల రాట్నం ఎక్కేవారు, జీళ్ళు, ఖర్జూరం, బొరుగులు కొనుక్కునేవారు. పీచుమిఠాయి మూతికి అంటించుకునేవారు. ఉపవాసం లేని పిల్లలకి మాత్రం అన్నం ఇంటి నుంచి కట్టిన మూటలోదే, బండి నీడన. తిరనాళ్ళు చిరుతిండి అమ్మింది, అన్నం అమ్మలేదు; ఎవరూ దాన్ని అన్నం అడగలేదు. పార్కు వచ్చి ఆ మూటని గేటు దగ్గర ఆపేసింది. ఆపాక అన్నం పెట్టే పూచీ తన నెత్తినేసుకుంది. అది దానికి చేతనైన పని కాదు, దాని నైపుణ్యమంతా సిమెంటు కొండల్లో ఉంది. కొండ కట్టినవాళ్ళు ఎక్కడా లోటు చేయలేదని నేను ఒప్పుకుంటాను. జలపాతం వెనక గోడకి నాచు కూడా రంగుతో వేశారు, చేత్తో తడిమితే గానీ తెలియలేదు.

ఇంటికొచ్చాక ఏది మిగిలిందంటే బిర్యానీయే మిగిలింది. రైడుల పేర్లు నాకు గుర్తులేవు. బావమరిది మాత్రం ప్రతి శుభకార్యంలోనూ ఆ ముక్క వెతుకులాట చెప్తాడు. మొదట్లో ముక్క చిన్నదిగా ఉండేది, గృహప్రవేశం నాటికి ఎముక అయింది, ఈ మధ్య ఒక సీమంతంలో ఎముక నీడ అయింది. భోజనం బాగుండి ఉంటే ఇన్ని ఊళ్ళలో ఇంతమంది నవ్వేవాళ్ళు కాదు. చెడ్డ భోజనానికున్న ఆయుష్షు మంచి రైడుకి లేదు.

ఆ సాయంత్రం సంగతి ఒకటుంది. ఆరు దాటాక కడిగిన ఖాళీ డబ్బా పుచ్చుకుని బయటికొచ్చాం. పార్కు మలుపు దాటగానే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందు నాలుగైదు టూరిస్టు బస్సులు. డ్రైవర్లు, క్లీనర్లు, పార్కు యూనిఫాంలో ఉన్న కొందరు కుర్రాళ్ళు బెంచీల మీద తింటున్నారు. ఒక నడివయసు ఆవిడ పొయ్యి దగ్గర నుంచే మమ్మల్ని ఒక్క చూపు చూసింది. తడి జుట్లు, పీక్కుపోయిన మొహాలు.

"పార్కుల నుంచేనా సార్? చేతులు కడుక్కోండ్రి, అన్నం ఇప్పుడే దించిన."

టమాట పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు, వేయించిన మిరపకాయలు. ఇంకేమీ లేవు. స్టీలు పళ్ళెం కాలుతోంది. మా అత్తయ్యకి తెలంగాణ పచ్చిపులుసు కొత్త. మొదట గరిటె చాలన్నారు, తర్వాత గిన్నె దగ్గర పెట్టుకున్నారు. ఉడకని చింతపండులో పచ్చి ఉల్లిపాయ ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదేం అని నన్నే నిలదీశారు. పిల్లలు కూడా మాట్లాడకుండా తిన్నారు. రోజూ ఇలాగే వస్తారా జనం అని అడిగితే, ఆదివారాలు సాయంత్రం రెండుసార్లు వార్చాల్సి వస్తుందని చెప్పింది.

బావమరిదికి వ్యాపార బుద్ధి ఎక్కువ. "ఇంత బాగా వండుతారు, లోపల ఒక కౌంటరు తీసుకోవచ్చుగా అమ్మా? పదింతలు వస్తుంది" అన్నాడు.

ఆవిడ గరిటె ఆపి, పార్కు వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూసింది.

"లోపలికి పోతె నేను గూడ గట్లనే వండుత గద సార్."

బావమరిది ఇంకేదో అనబోయి, మజ్జిగ ఉందా అని అడిగాడు.